ఎదురు తిరిగిన రేకులు

సింగపూర్లో మేముండే హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలో, మా అంతస్తు వరండా చివరి ఇల్లు చైనా ఆంటీది. వరండా అందరిదీ అయినా ఎవరి గుమ్మం ముందు కుండీలు వాళ్ళవి. ఆవిడ గుమ్మం ముందు, పొద్దుటి ఎండ సూటిగా పడేచోట, కర్రకు కట్టిన ఆర్కిడ్ ఒకటి ఉంది. ఆకులు పెన్సిళ్ళలా గుండ్రంగా, సన్నగా ఉంటాయి. పువ్వుది గులాబీ కలిసిన వంగపండు రంగు. పేరు వాండా మిస్ జోక్విమ్. 1981 ఏప్రిల్ 15 నుంచి అది సింగపూర్ జాతీయ పుష్పం.

మా అత్తగారిది నర్సాపురం పక్క పల్లె. పదేళ్ళ వయసులో లేసు సూది పట్టుకుని నలభై ఏళ్ళు వదల్లేదు. మావయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ రెండు సూదుల అల్లిక ఆవిడకు నేర్పింది చైనా ఆంటీయే, కింద, గోడల్లేకుండా ఖాళీగా వదిలిన నేల అంతస్తు వాయిడ్ డెక్‌లో రాతి బల్ల దగ్గర కూర్చోబెట్టి. ఇద్దరికీ కలిసే భాష లేదు. ఒన్, టూ, త్రీ ఉన్నాయి, చేతులున్నాయి. కొన్నాళ్ళుగా ఆంటీ కిందికి రావడం లేదు. క్యాన్సర్‌కు మందు ఎక్కిస్తున్నారు.

మొన్న ఒక రాత్రి అత్తయ్య సోఫాలో కూర్చుని ఆ పువ్వును టోపీగా అల్లడం మొదలుపెట్టారు. మా వాదన అక్కడ మొదలై మూడు రాత్రులు నడిచింది. నేను ఓడిపోయానని ఇప్పటికీ అనుకోవడం లేదు. అందుకే ఇద్దరి మాటలూ రాస్తున్నాను.

నేను: అత్తయ్యా, మనం భూమధ్యరేఖకు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. డిసెంబరులో కూడా ఫ్యాను ఆపం. ఇక్కడ ఊలు టోపీ ఎవరు పెట్టుకుంటారు?

అత్తయ్య: ఊలు కాదమ్మా, నూలు. ముట్టుకుని చూడు. ఆవిడ మందు ఎక్కించుకోడానికి వెళ్ళిన రోజు పూటంతా ఆ ఏసీలో కూర్చుంటుంది. తలమీద ఒక్క వెంట్రుక లేదు. బజారులో కొన్న టోపీ తీసి చూపించింది నాకు. లోపల కుట్టు గీరుకుని చర్మం ఎర్రగా కందింది. ఈ తీగ సూదులతో గుండ్రంగా అల్లుకుపోతే లోపల అతుకే ఉండదు. ఆవిడ నాకు నేర్పిన అల్లికే ఇది.

నేను: అది ఒప్పుకుంటాను. సాదా టోపీ అల్లండి, రెండు రోజుల్లో అయిపోతుంది. పువ్వెందుకు? మీకు శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది కాలేదు. రాత్రి పదకొండింటికి ట్యూబులైటు కింద కుట్లు లెక్కపెడుతున్నారు.

అత్తయ్య: సాదా టోపీ చూస్తే రోగం గుర్తొస్తుంది. పువ్వు చూస్తే పువ్వు గుర్తొస్తుంది. అంతే.

నేను: అంత తేలిక కాదు. ఆ పువ్వు కథ మీకు తెలుసా? ఆగ్నెస్ జోక్విమ్ అనే ఆర్మీనియన్ ఆవిడ తోటలో పుట్టింది. అప్పటి బొటానిక్ గార్డెన్స్ పెద్ద హెన్రీ రిడ్లీ 1893లో లండన్ తోటల పత్రికలో దాని గురించి రాసి లోకానికి చెప్పాడు. 1899లో ఇక్కడి పూల ప్రదర్శనలో ఆవిడకు మొదటి బహుమతి వచ్చింది. అదే ఏడాది జూలై 2న పోయింది, క్యాన్సర్‌తోనే. అలాంటి పువ్వును తీసుకెళ్ళి అదే జబ్బుతో ఉన్న మనిషి నెత్తిన పెడతారా?

నేను ఆ మాట విసురుగా అన్నాను. అత్తయ్య చేతిలో సూదులు ఆగాయి. కాసేపు మా ఇద్దరి మధ్య ఫ్యాను చప్పుడు ఒక్కటే.

అత్తయ్య: ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది?

నేను: నూట పాతికేళ్ళు దాటింది.

అత్తయ్య: మరి ఆ కుండీలో ఉన్నదేమిటి?

నేను: మొక్క.

అత్తయ్య: ఎక్కడి నుంచి వచ్చింది? గింజ నుంచా?

నేను: కాదు. పై కొమ్మ తుంచి, వేరుతో సహా వేరే కర్రకు కడతారు. మొదటి నుంచీ అలాగే పెంచుతున్నారు. ఆవిడ తోటలోని ఆ ఒక్క మొక్క ముక్కలే ఊరంతా. హవాయి దాకా వెళ్ళాయి. అక్కడ పెద్ద పెద్ద తోటలు వేసి, వచ్చినవాళ్ళ మెడలో వేసే దండలకు ఈ పూలే కోసేవారు.

అత్తయ్య: అయితే ఆవిడ చేతి మొక్క ఇంకా పెరుగుతూనే ఉందన్నమాట. మన చైనా ఆవిడకు ఈ సంగతి చెప్పాలి. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వు చెప్పు. జబ్బు సంగతి కూడా చెప్పు, దాచకు. ఆవిడకు నీకన్నా నాకన్నా ధైర్యం ఎక్కువ.

ఆ రాత్రికి అక్కడితో ఆగింది. మర్నాడు నేను ఇంకో దారిన వచ్చాను. నిజం చెప్పాలంటే నాకు నొప్పిగా ఉన్నది పువ్వు సంగతి కాదు. మా పెళ్ళైన కొత్తలో ఆవిడ వేళ్ళు చూశాను. చూపుడు వేలి పక్కన సూది రాసుకుని గట్టిపడిన కాయ ఇప్పటికీ ఉంది.

నేను: నలభై ఏళ్ళు ఆ సూది మిమ్మల్ని పిండింది. మళ్ళీ ఎందుకు పట్టుకున్నారు?

అత్తయ్య: అది వేరే సూది. కొక్కెం ఉన్న సూది ఒకటే. ఇవి రెండు.

నేను: మాట దాటెయ్యకండి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మీ నర్సాపురం వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య తిరిగి పుస్తకం రాసింది. 1982లో అచ్చయింది. ఆవిడ పట్టుకున్న సంగతి ఏమిటంటే, విదేశాల బజారు కోసం రోజుకు ఆరేడు గంటలు పనిచేసేవాళ్ళను పనివాళ్ళని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుని తీరికవేళ అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక అన్న ఆ ఒక్క మాటతో కూలి పడిపోయింది. ఎగుమతి చేసినవాళ్ళు మేడలు కట్టారు.

అత్తయ్య: పుస్తకంలో రాయకపోతే నాకు తెలీదా? తెల్లారి వంట, గేదె పని, పిల్లలు, మీ మావయ్యగారి కేరేజీ. పన్నెండింటికి అరుగుమీద నలుగురం కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాళ్ళం కాదు. దారం ఉండ ఏజెంటు తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. ఎక్కడైనా మాపు తగిలితే కోత. పొద్దంతా అల్లితే చేతికొచ్చేది రూపాయి, రూపాయి పావలా. ఆ రూపాయికి నేనేమీ తృప్తిపడలేదు. మా అమ్మ తృప్తిపడలేదు. బయటికి పోతే పరువు పోతుందన్నారు కాబట్టి ఇంట్లో దొరికింది చేశాం.

నేను: నేనూ అదే అంటున్నాను కదా!

అత్తయ్య: నువ్వనేది వేరు. పని చెడ్డదంటున్నావు. నేను కూలి చెడ్డదంటున్నాను.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆవిడే అందుకున్నారు.

అత్తయ్య: ఇంకో సంగతి చెప్తా విను. మాలో చేతిపని వేరు, అతుకుపని వేరు. చేతిపని అంటే పువ్వులు అల్లడం. ఒకత్తి పువ్వులే అల్లుతుంది. వంద పువ్వులు, రెండొందల పువ్వులు, అన్నీ ఒకటే. అవి ఇంకో ఇంటికి వెళ్తాయి, అక్కడ అతికేవాళ్ళు అతుకుతారు. అంచు కట్టేది మరొకరు. నేను చేతిపని మనిషిని. ఎన్ని వేల పువ్వులు అల్లానో లెక్కలేదు. అవి బల్లమీద గుడ్డలయ్యాయో, దిళ్ళ గలీబులయ్యాయో, ఏ దేశంలో ఏ ఇంట్లో ఉన్నాయో, ఒక్కటీ పూర్తిగా చూడలేదు. ఈ టోపీ మొదటి కుట్టు నాదే. చివరి ముడి నాదే అవుతుంది.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో గోదావరి ఆడవాళ్ళకు ఆ కొక్కెం సూది చేతికిచ్చారని మావైపు చెప్పుకుంటారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరిపేరు దక్కింది, మంచిదే. అల్లిన మనిషి పేరు మాత్రం ఆ నూట ఎనభై ఏళ్ళలో ఏ లేసు మీదా పడినట్టు నేను చూడలేదు. నాకు మండేది అక్కడే. ఆ మంటతోనే మూడో రాత్రి వాదన ఎత్తుకున్నాను. కానీ దానికి ముందు ఆ టోపీ ఎలా వచ్చిందో చెప్పాలి. అది చూడకపోతే నా వాదనకు విలువ లేదు.

అత్తయ్య ముందు 96 కుట్లు వేసి విప్పేశారు. జుట్టున్న తలకు 96 సరిపోతాయట, జుట్టు లేని తలమీద జారిపోతుందట. 84 వేశారు. అంచు సాగాలంటే రెండు నిట్టు కుట్లు, వాటిని తిరగేసినట్టుండే పర్లు కుట్లు రెండు వెయ్యాలి, దానికి కుట్లు నాలుగుతో పోవాలి. ఆర్కిడ్‌కు రేకులు ఆరు, అంటే ఆరుతోనూ పోవాలి. 84 రెండింటితోనూ పోతుంది. నడినెత్తికి వచ్చేసరికి పద్నాలుగేసి కుట్ల ఆరు భాగాలు, ఒక వరస విడిచి ఒక వరసలో భాగానికి ఒక్కటి చొప్పున తగ్గించుకుంటూ పోతే కొస దగ్గర మూసుకుంటుంది. బడి మెట్లు ఐదో తరగతితో దిగిన మనిషి ఈ లెక్క కాగితం లేకుండా వేసింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది.

అత్తయ్య: ఇది నాకు కొరకరాని కొయ్యగా ఉందే. మా లేసు పువ్వు చక్రం. ఎటు తిప్పినా ఒకటే. ఈ పువ్వు చక్రం కాదు, ముఖం. దీనికి పైనా కిందా ఉంది, నోరుంది.

నేను: అన్ని ఆర్కిడ్లూ అంతే. బయట మూడు, లోపల మూడు. లోపలి మూడింట్లో ఒకటి పెదవిలా విడిగా పెరుగుతుంది. వచ్చిన పురుగు వాలేది దానిమీదే.

అత్తయ్య: ఆ పెదవే విసనకర్రలా ఉంది. మధ్యలో నిప్పురంగు, దానిమీద చుక్కలు. టోపీ గుండ్రం, పువ్వు ముఖం. ఎలా కుదురుతాయి?

మర్నాడు పొద్దున్నే నన్ను వరండాలోకి లాక్కెళ్ళారు. టోపీ మీద వెనకవైపు పై రేకు, దాని పక్కన చెరో రేకు, ఆ కింద లేతరంగు రేకులు రెండు, నుదుటి మీదికి పెదవి. టోపీకి ముందూ వెనకా వచ్చేస్తే గొడవే లేదని ఆవిడ తేల్చుకున్నారు. పువ్వును వేలితో తాకకుండా కిందనుంచి చూస్తూ, ఆ పక్క రేకులు రెండూ తేడాగా ఉన్నాయన్నారు. నాకు కనబడలేదు. ఆనక పుస్తకంలో చూస్తే ఉంది: ఈ పువ్వులో ఆ రెండు రేకులూ మొదట్లో మెలి తిరిగి, వెనక తట్టు ముందుకు వస్తుంది. తల్లిమొక్కకూ తండ్రిమొక్కకూ అదే గుణం. మనం చూసేది రేకు వీపు.

అత్తయ్య: వీపా! అయితే తేలిపోయింది. ఆ రెండు భాగాలూ పర్లు వేస్తా. అల్లికకు వెనక తట్టే కదా పర్లు.

మెత్తగా జారే నిట్టు నాలుగు వైపులా ఉండి, ఆ రెండు భాగాలు మాత్రం చిన్న చిన్న గింజలు పరిచినట్టు గరుకుగా తేలాయి. టోపీని దూరంగా పట్టుకుంటే ఆ రెండు రేకులూ నిజంగా వేరేవైపు తిరిగినట్టు ఉన్నాయి. నేను ఆ పువ్వు గురించి చదివినదంతా ఆ రెండు గరుకు ముక్కల ముందు దిగదుడుపు. ఇది ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు.

మూడో రాత్రి ఆ టోపీ పట్టుకునే మొదలుపెట్టాను.

నేను: దీనిమీద మీ పేరు ఉండాలి అత్తయ్యా. లోపలివైపు చిన్న పట్టీ కుట్టి పేరు వేద్దాం. ఆ ఆగ్నెస్ సంగతే చూడండి. రిడ్లీ 1893లోనే రాశాడు, ఆవిడే రెండు మొక్కల్ని కలిపి దీన్ని పుట్టించిందని. తర్వాత ఎక్కడి నుంచో ఇంకో కథ పుట్టింది. ఆవిడ చేసిందేమీ లేదు, పొద్దున తోటలో తిరుగుతుంటే వెదురు పొదలో దొరికింది, తేనెటీగ ఏదో కలిపేసింది అని. ఆ కథే చాలాకాలం ప్రచారంలో ఉండిపోయింది. 2016లో గానీ ఇక్కడి ప్రభుత్వ సంస్థలు ఇది ఆవిడ చేతిపనే అని ఒప్పుకోలేదు. ఆడమనిషి చేసింది కనక అదృష్టం కొద్దీ దొరికింది అన్నారు. మీ లేసును తీరిక అన్నట్టే.

అత్తయ్య: రెండు మొక్కల్ని కలపడం అంటే ఎలా?

నేను: ఒక పువ్వు పుప్పొడి ముద్ద తీసి ఇంకో పువ్వులో పెట్టాలి. కాయ కట్టాక, అందులో ధూళిలాంటి గింజలు వేలకు వేలు ఉంటాయి. వాటిని మొలిపించడం ఆ రోజుల్లో మహా కష్టం. ఒకటి మలయా బురదనేలల్లో పెరిగేది, ఇంకొకటి అస్సాం, బర్మా వైపుది.

అత్తయ్య: బర్మాదా? మా తాత తమ్ముడు రంగూన్ వెళ్ళాడు, రాలేదు. సరే చెప్పు. దొరికిందన్నవాళ్ళు ఎప్పుడైనా ఒక గింజ మొలిపించారా?

నేను: నాకేం తెలుసు!

అత్తయ్య: మొలిపించి ఉండరు. పెంచినవాళ్ళు ఆ మాట అనరు.

నేను: అందుకే పేరు. శాస్త్రవేత్తలు తర్వాత ఆ మొక్క ప్రజాతి పేరు కూడా మార్చేశారు, వాండా కాదు పాపిలియోనాంథి అన్నారు. మిస్ జోక్విమ్ మాత్రం పోలేదు. పేరు పెట్టారు కనకే వందేళ్ళ తర్వాత ఆవిడ తరఫున వాదించేవాళ్ళు వచ్చారు. ఇంకో మాట. ఈ టోపీకి డబ్బు తీసుకోండి. ఆంటీ పిల్లలు ఇస్తారు. లేదంటే ఉగాదికి తెలుగు సమాజం వాళ్ళు పెట్టే సంబరంలో ఇలాంటివి నాలుగు పెడదాం. ఇరవై గంటల పని ఇది. ఊరికే ఇస్తే మళ్ళీ పాత సంగతే, ఆడవాళ్ళ చేతిపనికి వెల లేదన్న సంగతి.

అత్తయ్య: నీ కోపం నాకు నచ్చింది. మాట నచ్చలేదు.

నేను: ఎందుకు?

అత్తయ్య: నలభై ఏళ్ళు నా పనికి ఇంకొకడు వెల కట్టాడు. తక్కువ కట్టాడు. ఇప్పుడు నువ్వు ఎక్కువ కడతానంటున్నావు. నువ్వు మంచిదానివే, నీ వెల కూడా మంచిదే. కానీ ఈ ఒక్కదానికి వెల కట్టేది నేను. నేను కట్టలేదు. ఇచ్చేస్తున్నా. నాకు ఈ సూదులు పట్టుకోవడం నేర్పినప్పుడు ఆవిడ అడిగిందా?

నేను: అందరూ మీలా ఇచ్చేస్తే, అమ్ముకుని బతకాల్సిన వాళ్ళ గతి? నర్సాపురంలో ఇవాళ కూడా అల్లుతున్నవాళ్ళకు ఎవరు ఎక్కువ ఇస్తారు, సింగపూర్‌లో ఒకావిడ ఊరికే ఇస్తుంటే?

అత్తయ్య సూదులు ఒళ్ళో పెట్టుకున్నారు. చాలాసేపు ఆలోచించారు. వాదనలో నెగ్గాలని చూసే మనిషి కాదు ఆవిడ.

అత్తయ్య: అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక పని చెయ్యి. లెక్క రాయి. దారం ఎన్ని ఉండలు, ఎంతైంది, ఎన్ని గంటలు పట్టింది, విప్పి అల్లింది కూడా కలిపి రాయి. ఇరవై కాదు, ముప్ఫై దాటుతుంది. మా వాళ్ళకు పంపు. ఇంత పని ఇంత సేపు పడుతుందని ఒక కాగితం మీద ఉండనీ. షావుకారుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

నేను: రాస్తాను. మరి పేరు?

అత్తయ్య: ఆవిడ తలమీద నా పేరు ఎందుకే?

నేను: లోపలివైపు. ఎవరికీ కనబడదు.

అత్తయ్య: కనబడనిదానికి గుచ్చుకునే పట్టీ ఎందుకు? అతుకు లేకుండా ఇంత కష్టపడి అల్లింది దేనికి?

దీనిమీద మేం ఇప్పటికీ ఒక మాటకు రాలేదు. పట్టీ లేకుండా, అంచు లోపలి తట్టున అదే నూలుతో, తడిమితే కూడా తగలకుండా పేరు కుట్టే మార్గం ఉందని నేనంటాను. చూద్దాం అంటారావిడ. ఆవిడ చూద్దాం అంటే వద్దనీ కాదు, సరేననీ కాదు.

నడుమ ఒక సాయంత్రం ఆంటీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అత్తయ్య వెళ్ళి పక్కన నిలబడ్డారు. మొక్క కట్టిన కర్రను ఆంటీ చూపించి, దాని కొసకు పైన చెయ్యి ఊపి, ఏదో చెప్పింది. నాకు తెలిసిన సంగతే అది. ఈ వాండా కర్ర ఆసరాతో ఎంత ఎదిగినా పూయదు. తల ఆ కర్ర కొసను దాటి గాలిలోకి వెళ్ళాకే మొగ్గ తొడుగుతుంది. నేను తెలుగులో చెప్పబోయేలోపే అత్తయ్య తల ఊపారు, అర్థమైందన్నట్టు. ఆగ్నెస్ సంగతి నేను ఆంటీకి ఆ రోజే చెప్పాను, జబ్బుతో సహా. ఆంటీ మొక్కవైపు చూసి, ఆగ్నెస్ సమాధి రాయి హిల్ స్ట్రీట్ ఆర్మీనియన్ చర్చి తోటలో ఉంది, నేను చూశాను, అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

టోపీకి ఇంకా పెదవి మిగిలింది. మధ్యలో నిప్పురంగుకు ఇంట్లో ఉన్న దారం కుదరలేదు. మూడు రంగులు పెట్టి చూసి మూడూ పక్కన పడేశారు.

అత్తయ్య: రేపు చైనాటౌన్ వెళ్తావుగా. దారం పట్రా.

నేను: ఫోన్లో ఫోటో తీసుకెళ్తాను, అదే రంగు తెస్తాను.

అత్తయ్య: ఫోటోలో రంగు నేను నమ్మను. పువ్వు పట్టుకెళ్ళి దారం పక్కన పెట్టి చూడు. పొద్దున ఒకటి కోసుకో.

నేను: ఆవిడ మొక్క కదా అత్తయ్యా.

అత్తయ్య: అడిగి కొయ్యి. దేనికని అడిగితే మాత్రం చెప్పకు.